అందించిన మాట

సాయంత్రం నాలుగూ ఇరవైకి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు నెమ్మదించి ఆగాయి. ఎదురు కుర్చీలో ఉన్న కౌన్సెలర్ అప్పుడే ఒక ప్రశ్న మొదలుపెట్టింది. "మీ సార్ పోయినంక ఇంట్ల అన్నిటికంటే ఎక్కువ..." అని, తల పైకెత్తి ఫ్యాను వైపు చూసి, మధ్యలో ఆగింది.

"వెలితిగా అనిపించేది ఏది," అని నేను పూర్తి చేశాను. గొంతులో ఏ భావమూ లేకుండా, ఆవిడకు మాత్రమే వినబడేటట్టు.

ఆవిడ ఫ్యాను సంగతి మరిచిపోయి నా వైపు చూసింది.

"నేను గదే అనబోతున్నా అని మీకెట్ల తెల్సమ్మా?"

"ఎవరైనా అడిగేది అదేగా."

"నేను అది అడుగుతలేను. అన్నిటికంటే ఎక్కువ చప్పుడు ఎక్కడికెళ్లి వస్తది అని అడుగుదామనుకున్న. కింద మిషన్లు మోగుతుంటే గట్ల తోచింది."

కింద సినిమా దుస్తులు కుట్టే దర్జీల దుకాణం. కరెంటుతో పాటు ఆ మిషన్లూ ఆగాయి. నేను తల వంచుకున్నాను. ఇన్నేళ్ల పనిలో తప్పు మాట అందించడం ఇదే మొదటిసారి అనుకోబోయాను. కాదని నాకు తెలుసు. ఆవిడకు ఇంకా తెలియదు.

నా పని ప్రాంప్టింగ్. తెలుగు రాని నటీనటులకు కెమెరా పక్కన నిలబడి డైలాగు అందించడం. మద్రాసులో మొదలుపెట్టాను, పరిశ్రమ హైదరాబాదుకు తరలినప్పుడు నేనూ తరలివచ్చాను. ఈ పనికి ఒక నియమం ఉంది. మాట అందించాలి, భావం అందించకూడదు. తల్లి చనిపోయిన సన్నివేశమైనా రైల్వే టైమ్ టేబుల్ చదివినట్టు చదవాలి. మనం గొంతులో దుఃఖం పెడితే నటించే అమ్మాయి మన దుఃఖాన్ని అనుకరిస్తుంది, షాట్ చెడుతుంది. సరిగ్గా అందిస్తే అక్కడ ప్రాంప్టర్ ఉన్నట్టే ఎవరికీ తెలియదు. తప్పితే మాత్రం సెట్లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూస్తారు.

మా ఆయన డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పేవారు. ఫిల్మ్ నగర్ వెనక, షేక్‌పేట వైపు దిగే వాలులో మా ఫ్లాటు. సినిమా మాటలంటే ఆయనకు పెద్దగా గౌరవం ఉండేది కాదు. వాటిని మోసే నా మీద ఉండేదా లేదా అన్నది నాకు పెళ్లయిన నాటి నుంచీ అనుమానమే. ఆయన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగితే మర్యాదగా ఉందనే అంటారు, అప్పుడు ఆ మర్యాదను కూడా అనుమానించాల్సి వస్తుంది.

పక్షవాతం వచ్చి ఆయన కుడిచేయి, మాట రెండూ పోయాయి. మనం అన్నది అర్థమయ్యేది. తాను అనాలనుకున్నది నోటిదాకా వచ్చి మొదటి అక్షరం దగ్గర ఆగిపోయేది. ఏడు నెలలు నేను పక్కన కూర్చుని అందించాను. ఇంతకంటే తగిన మనిషి ఆయనకు దొరకదని చూడటానికి వచ్చినవాళ్లు అనేవారు.

చివరి రోజు పొద్దున ఆయన ఎడమచేయి కాస్త ఎత్తి "పు..." అన్నారు. మళ్లీ "పు..." అన్నారు. పులుసు కావాలా అని అడిగాను. పురుగేమైనా కుట్టిందా అన్నాను. పుల్లటిదేమైనా నోట్లో వేయనా అన్నాను. ఒకదాని తర్వాత ఒకటి, ఊపిరి తీసుకోకుండా. ఆయన కళ్లు మూసుకున్నారు. నిద్రపోయారనుకున్నాను. మధ్యాహ్నానికి పోయారు.

మోతీనగర్ నుంచి వచ్చిన మా మరిది నా పక్కన కూలబడి, "వదినా, అన్నయ్య చివరికి ఏమన్నాడు?" అని అడిగాడు. ఇంటి నిండా మనుషులు. అందరూ నా నోటి వైపు చూస్తున్నారు.

"పుస్తకం," అన్నాను.

మరిది భోరుమన్నాడు. ఆయన విద్యార్థులు గోడకు ఆనుకుని ఏడ్చారు. బతుకంతా పాఠం చెప్పిన మనిషి పుస్తకం కోసం చేయి చాచి పోయాడు. అంత బాగా కుదిరిన మాటను ఎవరూ శంకించరు. నేనైతే శంకించేదాన్ని.

అప్పటి నుంచి ఆ మాట నా చేతిలోంచి జారిపోయింది. ఏడాది తిరిగాక విద్యార్థులు సంస్మరణ సభ పెడతామన్నారు. మరిది కరపత్రం వేయిస్తానన్నాడు, పైన పెద్ద అక్షరాల్లో "చివరి శ్వాసలోనూ పుస్తకమే" అని. సభలో నేను నిలబడి ఆ క్షణం గురించి ఐదు నిమిషాలు చెప్పాలి. వద్దన్నాను. అందరూ అది వినయం అనుకున్నారు. నాకు నిద్ర పట్టడం మానేసింది. రక్తపోటు మందులు రాసే డాక్టరు మోతాదు పెంచి, పెంచి, చివరికి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళ్లమన్నాడు.

మరిదికి చెబితే నవ్వాడు. "మాట్లాడటానికి అపాయింట్‌మెంటేంటి వదినా? నేను లేనూ, పొద్దున్నుంచీ ఖాళీగా? అదీ నువ్వు! ఊళ్లో వాళ్లందరికీ మాటలు అందించేదానివి, నీకెవరు అందిస్తారు?"

నా అనుమానమూ దాదాపు అదే.

జూబ్లీహిల్స్ వైపు ఎక్కే రోడ్డులో, దర్జీల దుకాణం పైన ఆవిడ గది. మెట్లెక్కుతుండగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు అది ఒక సినిమా నిర్మాణ సంస్థ ఆఫీసు. అదే గదిలో ఒక స్క్రిప్టు చదువుతుంటే నేను మూలన కూర్చుని విన్నాను. గోడకు హిట్ సినిమాల ఫొటోలు తీసేసిన మేకులు అలాగే ఉన్నాయి. ఈ వీధిలో మనిషి మన కష్టం శ్రద్ధగా విన్నాడంటే ఏడాది తర్వాత అది తెర మీద కనిపించే ప్రమాదం ఉంది. కొత్తగా ఏ కథ చెప్పాలన్నా ముందు ఎక్కడైనా రిజిస్టర్ చేసి రమ్మనేది మా వాళ్లలో మామూలు సలహా.

పక్కన చిన్న బల్ల మీద కాగితం రుమాళ్ల పెట్టె ఉంది, సరిగ్గా చేయి చాస్తే అందేటంత దూరంలో. సెట్లో ప్రాపర్టీ సామాన్లు సర్దే మనిషి కూడా అంత కచ్చితంగా పెట్టడు. ఇక్కడ నేను ఏడవాలని ముందే రాసి ఉంచారన్నమాట అనుకున్నాను. గ్లిజరిన్‌తో వచ్చే కన్నీళ్లు ఎన్ని చూశానో. మొదటి మూడు వారాలు ఆ పెట్టెను ముట్టుకోలేదు.

ఆవిడ ఒళ్లో నోట్‌బుక్ కూడా నాకు నచ్చలేదు.

"అందులో రాసింది ఎవరు చదువుతారు డాక్టరుగారూ?"

"నేనొక్కదాన్నే. నేను డాక్టర్ని గాదమ్మా."

"ఈ వీధిలో అందరూ అలాగే అంటారు."

ఆవిడ పగలబడి నవ్వింది. "నాకు సిన్మా చూసే తీరికనే లేదు, తీసెటోళ్లకేం చెప్త? ఇగో, మీరే చూడుర్రి." నోట్‌బుక్ నా వైపు తిప్పింది. అరగంటకు రాసింది మూడు ముక్కలు. నిద్ర. మరిది. కుర్చీ అంచున కూర్చుంటున్నారు.

నేను వెనక్కి జరిగి కూర్చున్నాను. సెట్లో నేనెప్పుడూ అంచునే ఉంటాను, ఏ క్షణాన ఎవరు మాట మరిచిపోతారో అని. కానీ ఆ గదిలో మరిచిపోయేవాళ్లు ఎవరూ లేరు.

ఇంకొక దాని కోసం కాచుకుని ఉన్నాను. పొగడ్త. మా పరిశ్రమలో పొగడ్త పలకరింపు లాంటిది. సూపరమ్మా, ఇరగదీశారమ్మా అని ఒకే రోజు ముగ్గురికి చెప్పేవాణ్ని నాకు తెలుసు. ఈవిడ కూడా ఎక్కడో ఒక చోట మీరు చాలా గొప్పవారమ్మా అంటుంది, అన్న మరుక్షణం లేచి వెళ్లిపోవచ్చు అనుకున్నాను. ఆత్మగౌరవం గురించిన పుస్తకాలు అంతకుముందే రెండు మూడు తిరగేశాను. రోజూ అద్దం ముందు నిలబడి నేను విలువైనదాన్ని అని చెప్పుకోమని ఒక పుస్తకంలో ఉంది. ఎవరో రాసిన వాక్యాన్ని భావం లేకుండా పైకి చదవడం. నాకు జీతమిచ్చి చేయించుకునే పని అదే కదా అనిపించి మూసేశాను.

ఆవిడ పొగడలేదు. మూడో వారం కరెంటు పోయిన రోజు, నేను తప్పు మాట అందించాక కూడా, ఫర్వాలేదమ్మా అనలేదు.

"ఒక పని జేస్తరా? ఈ వారం ఎవరన్న మాట దొరకక ఆగితే, మీరు ఇయ్యకుర్రి. ఊకె చూడుర్రి."

"ఏం చూడాలి?"

"నాకు తెల్వది. మీరే వచ్చి చెప్పాలె."

ఇది ఒక పద్ధతి, ఎత్తు, అని బస్టాపుకు నడుస్తూ అనుకున్నాను. జనరేటర్ వ్యాను ఒకటి పొగ వదులుకుంటూ ఎదురెక్కి వస్తోంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి పక్క ఆటోవాణ్ని "అన్నా, ఆ స్టూడియో... అదేందే..." అని అడుగుతున్నాడు. రోడ్డు అవతల ఉన్న నా నోట్లోకి స్టూడియో పేరు వచ్చేసింది. అరిచి చెప్పాను కూడా. వాడు చేయెత్తి దండం పెట్టి వెళ్లాడు. బయటికి రాగానే ఓడిపోయాను.

ఆదివారం మరిది కరపత్రం ప్రూఫు పట్టుకుని వచ్చాడు. వంటింటి గడప మీద కూర్చుని కాఫీ తాగుతూ, "అన్నయ్య ఉంటే ఈ కాగితం రంగు ఒప్పుకునేవాడు కాదు," అన్నాడు.

"అక్షరాలు కూడా చిన్నవి చేయమనేవారు," అన్నాను.

ఆయన పోయినప్పటి నుంచి మేమిద్దరం ఇలాగే మాట్లాడుకుంటున్నాం. కూరలో ఉప్పు దగ్గర నుంచి ఎన్నికల దాకా ఆయన ఏమనేవారో మాకు తెలుసు. ఇద్దరికీ వేరు వేరుగా తెలిసినప్పుడు చిన్న తగాదా కూడా వచ్చేది.

"వదినా, మొన్న పెళ్లిలో తిన్నాం చూడు, ఆ ఎర్రటిది... పుల్లగా... అదీ..." అని మరిది చెంచా గాలిలో తిప్పాడు.

గోంగూర. నాలుక చివరన ఉంది. పెదవులు బిగించి గిన్నె తోముతూ నిలబడ్డాను. వాడు తలగోక్కున్నాడు. పైకప్పు వైపు చూశాడు. వాడి ముఖంలో వెతుకులాట మెల్లగా ఆగి, ఇంకేదో వచ్చింది.

"పోనీలే. అసలు నేను అనాలనుకున్నది అది కాదు. అన్నయ్య నాకు ఒక్కసారి కూడా కలలోకి రాలేదు వదినా. ఏడాదయింది."

గిన్నె కింద పెట్టేశాను. నేను గోంగూర అని ఉంటే ఆ మాట బయటికి వచ్చేది కాదు. వంట గురించి మాట్లాడుకుని, కాఫీ గ్లాసు అక్కడ పెట్టి వెళ్లిపోయేవాడు. ఇన్నేళ్లలో నేను ఎన్ని మాటలకు అడ్డంగా గోంగూర పెట్టానో.

ఆ ఆలోచన నాకు ఉపశమనం కాలేదు, భయం కలిగించింది. మరుసటి వారం కౌన్సెలర్ దగ్గర కూర్చోగానే మొత్తం చెప్పేశాను. పులుసు, పురుగు, పుల్లటిది. ఆయన కళ్లు మూసుకోవడం. పుస్తకం. కరపత్రం. ఆఖరికి ఆయన మాటను కూడా ఆయన్ని అననివ్వలేదన్నాను. ఆయన శవం పక్కన కూర్చుని డైలాగు రాశానన్నాను.

ఆవిడ నోట్‌బుక్ మూసింది.

"పుస్తకం అన్నది ఎవరి కోసమమ్మా?"

"ఆయన కోసం."

"సార్ అప్పటికే పోయిండు కదా."

"మరిది కోసం." ఆగాను. "కాదు. నా కోసం. ఏడు నెలలు పక్కన కూర్చుని ఒక్క మాట పట్టుకోలేకపోయింది, ఇదీ ఒక ప్రాంప్టరేనా అంటారని."

"ఎవరంటరు?"

ఆ గదిలో ఉన్నది ఇద్దరం. ఆవిడ అనడం లేదు.

"మాట దొరక్కపోతే మీరు దేనికీ పనికిరానట్టేనా?" అని ఆవిడ అడిగింది.

నాకు చిరాకు వచ్చింది. "ఇది మీరు నాకు అందిస్తున్న జవాబు. కాదు అనాలి నేను. అవునా?"

"అయ్యుండొచ్చు," అంది ఆవిడ, ఏమాత్రం తడుముకోకుండా. "గట్లయితే తీసుకోకుర్రి. మీది మీరు చెప్పుర్రి."

అందించిన మాటను వద్దనవచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదా? ఆయన చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో మాట మధ్యలో ఆగితే నేను అందించేదాన్ని. ఆయన చేయి అడ్డంపెట్టి, "ఉండు, నన్ను వెతుక్కోనీ," అనేవారు. నేను వర్షం అంటే పట్టుబట్టి వాన అనేవారు. నా సినిమా తెలుగు ఆయనకు పనికిరాదు కాబోలు అని ప్రతిసారీ ముఖం ముడుచుకునేదాన్ని. చేయి అడ్డంపెట్టినప్పుడు ఆయన నవ్వేవారన్నది అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చిందా, నేను కల్పించుకున్నానా అని వెంటనే అనుమానం వచ్చింది. నవ్విన మాట నిజమే. ఎందుకు నవ్వేవారో మాత్రం చెప్పలేను.

"ఏడు నెలల్ల మీరు అందించినవాట్ల ఒక్కటన్న కరెక్టు గాలేదా?"

"ఎందుకు కాలేదు? నీళ్లు అంటే నీళ్లే. దుప్పటి. కిటికీ. చెల్లెలికి ఫోన్ చేయమన్నారు ఒకసారి, 'చె' అనగానే పట్టుకున్నాను. రోజుకు ముప్పై నలభై సరిగ్గానే..."

"మరి అవి ఒక్కటి గూడ ఇప్పటిదాక ఎందుకు చెప్పలేదు?"

"సరిగ్గా అందించినవి ఎవరికీ కనబడవు. పని అలాంటిది."

"మీకు గూడ కనబడొద్దా? మంచిదానికి మీ పేరు ఎక్కడ లేదు, తప్పు కాడ మాత్రం మీ ఒక్కరి పేరే వేసుకుంటున్నరు. గిదేం పద్ధతమ్మా?"

నవ్వు వచ్చింది. ఆ తర్వాత ఆ పెట్టెలోంచి ఒక కాగితం రుమాలు లాగాను. సరిగ్గా చేయి అందేంత దూరంలో పెట్టినందుకు అప్పుడు కోపం రాలేదు.

ఆవిడ నాకు ఏం చేయమనీ చెప్పలేదు. సభలో నిజం చెప్పమనలేదు, చెప్పవద్దనలేదు. ఇంకా ఐదు వారాలు వెళ్లాను. ఎక్కువగా మాట్లాడుకున్నది నేను సరిగ్గా చేసిన చిన్న పనుల గురించి, మాట దొరకని చోట ఊరికే కూర్చోవడం గురించి. ఇది వైద్యమో, ఒక మంచి శ్రోత ముందు కూర్చోవడం వల్ల వచ్చిన లాభమో నాకిప్పటికీ తెలియదు. బాగుపడ్డానని ఎవరైనా అంటే నేను కాస్త వెనక్కి జరుగుతాను. నిద్ర మాత్రం నాలుగైదు గంటలు పట్టసాగింది. ఒక పని తప్పుగా చేసిన మనిషికీ, పనికిరాని మనిషికీ మధ్య కొంత చోటు ఉందని, అందులో నిలబడవచ్చని తెలిసింది.

సభ షేక్‌పేటలో ఒక స్కూలు హాల్లో, ఆదివారం పొద్దున. అరవై మంది దాకా వచ్చారు. ప్రతివాళ్ల చేతిలో కరపత్రం. ముగ్గురు విద్యార్థులు మాట్లాడారు. ముగ్గురూ పుస్తకంతోనే ముగించారు. తర్వాత నన్ను పిలిచారు.

మైకు ముందు నిలబడ్డాను. ఎన్నో ఏళ్లు మైకుకు దూరంగా ఉండటమే నా పని.

"మా ఆయన చివరికి..." అని ఆగాను.

"పుస్తకం," అని ముందు వరుసలోంచి ఎవరో మెల్లగా అందించారు. పాపం, సాయం చేద్దామనే.

"ఉండండి," అన్నాను. "నన్ను చెప్పనివ్వండి. ఆయన పు అన్నారు. అంతే అన్నారు. ఏం కావాలో నాకు అర్థం కాలేదు. నేను తొందరపడి చాలా అడిగాను, అవేవీ కావు. పుస్తకం అన్నది నేను. ఆయన కాదు. ఆయనకు ఏం కావాలో నాకు తెలియదు. ఏడు నెలలు నేను పక్కనే ఉన్నాను. చాలాసార్లు అర్థమైంది. ఆ రోజు అర్థం కాలేదు."

కూర్చున్నాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వెనక వరుసలో ఒక పెద్దావిడ పక్కావిడతో, "ఇప్పుడెందుకు చెప్పడం ఇదంతా?" అంది. ఆవిడది న్యాయమైన ప్రశ్నే. అయినా లేచి పారిపోవాలని అనిపించలేదు, అంతవరకే చెప్పగలను.

బయట మరిది మిగిలిన కరపత్రాల కట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ముందే చెప్పి ఉంటే ఇవి వేయించేవాణ్ని కాదుగా వదినా. ఇప్పుడు ఊరంతా నా మొహం చూసి నవ్వాలి."

"నన్ను చూసి నవ్వుతారులే. తప్పు నాదేగా."

"నీ ఒక్కదానిదేనా? వినగానే నాకు ఎంత నచ్చిందని. నేనైనా ఒక్కసారి అడగలేదు, నిజంగా అన్నాడా అని." ఆటో కోసం రోడ్డు వైపు చూశాడు. "అన్నయ్య ఉంటే ఈపాటికి..."

ఆగాడు. నేనూ ఏమీ అనలేదు. ఎండ బాగా ఎక్కింది. వాడు వెతికాడు. ఆయన ఏమనేవారో వాడికి దొరకలేదు, నాకూ దొరకలేదు.

"నాకు మాత్రం కోపంగా ఉంది," అన్నాడు చివరికి.

"ఉండనీ," అన్నాను.

ఇద్దరం ఆటో ఎక్కి మా ఇంటికి వచ్చాం. భోజనం దగ్గర వాడు ఇంకో రెండుసార్లు కోప్పడ్డాడు, రెండుసార్లూ అన్నయ్య పేరు ఎత్తకుండా, తన తరఫునే. మా ఇంట్లో ఇప్పుడు ఆయన తరఫున ఎవరూ మాట్లాడరు.